లెక్కకు ముందే పీకేసిన పిడుదులు

నేను ఖతర్ వచ్చింది పరంజీలు కట్టడానికి. మూడేళ్లు అదే పని చేశాను. ఇనుప గొట్టాన్ని నిటారుగా నిలబెట్టగలడని కంపెనీ వాళ్లు నన్ను మదీనత్ అల్ షమాల్ దగ్గరి ఒక తోటకు పంపారు. అక్కడ ఒక పరిశోధకురాలు చెట్ల మధ్య గొట్టాలు పాతించి, సన్నని వలలు కట్టించి, వలసపోతూ దారిలో ఆగిన పిట్టలను పట్టేవారు. వాటి ఒంటిమీది పురుగులు లెక్కపెట్టి, చుక్క నెత్తురు తీసి, కాలికి చిన్న కడియం వేసి వదిలేసేవారు. ఫోన్లో ఈ సంగతి చెబితే, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా అమ్మకు నవ్వాగలేదు. "దుబాయిల పిట్టలు పట్టే కొలువా బిడ్డా? ఎవలకన్న చెప్పేవు, నవ్వుతరు!"

మేడంకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. ఇద్దరికీ హిందీయే దిక్కు. రోజూ తెల్లవారుతుండగా అల్ హిలాల్‌లోని ఇంటి నుంచి ఆవిడను కారులో తెచ్చే డ్రైవరు మాత్రం కడప జిల్లా మనిషి. వలలో చిక్కిన పిట్టను మెల్లగా విడదీసి, గుడ్డసంచిలో పెట్టి, వంద అడుగుల దూరంలో బల్ల దగ్గర కూర్చున్న ఆవిడకు అందించడం నా పని.

మొదటి ఎర్రతోక పిట్టను చేతిలోకి తీసుకున్నప్పుడే చూశాను. కంటి పక్కన రెండు పిడుదులు, నెత్తురు తాగి జొన్నగింజల్లా ఉబ్బి ఉన్నాయి. మా ఇంట్లో బర్రె చెవిలో పిడుదు కనబడితే పీకి రాయికింద నలిపేదాకా తాత అన్నం ముట్టనిచ్చేవాడు కాదు. నా గోళ్లకు ఆ అలవాటు పోలేదు. రెండింటినీ పీకి, చెప్పుకింద నలిపి, పిట్టను సంచిలో వేశాను. పుణ్యం చేశాననే అనుకున్నాను. తర్వాత చిక్కిన ప్రతి పిట్టకూ అదే సేవ. ఎందుకు లెక్కపెడుతున్నారని ఒక్కనాడూ అడగలేదు.

తొమ్మిదో రోజు మేడం పుస్తకం తిరగేస్తూ మా ఇద్దరినీ పిలిచారు. కిందటేడు ఇదే తోటలో పిట్ట పిట్టకూ పిడుదులుండేవట, ఈసారి ఒక్కటీ లేదట, ఏదో పెద్ద మార్పే జరిగిందట. ఆ సంతోషంలో అంతా విడమరిచి చెప్పారు. పురుగు పట్టిన పిట్ట చిక్కిపోతుంది, ఎగరాల్సిన నాటికి ఎగరలేదు. మగపిట్ట రంగు వెలిసిపోతే ఆడది దరి చేరదు. ఏ పిట్ట బతకాలో, ఎవరి పిల్లలు మిగలాలో తరతరాలుగా తేల్చడంలో ఈ పురుగులకూ చెయ్యి ఉందట. ఆ లెక్క కోసమే ఆవిడ నాలుగేళ్లుగా ఇక్కడ ఎండలో కూర్చుంటున్నారు.

కారు దగ్గర డ్రైవరుకు అసలు సంగతి చెబితే తల పట్టుకున్నాడు. "చెప్పగాకప్పా! చెప్తే నిన్ను మళ్లీ సైటుకు తోల్తారు. ఊరికే ఉంటే ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తది గదనే," అన్నాను. మొండితనంలో నన్ను మించినవాళ్లు మా వాడలో లేరు. తిరిగి బల్ల దగ్గరికి నడిచి, వచ్చీరాని హిందీలో చెప్పేశాను. పిడుదులు లేకపోవడం కాదు, నేనే పీకేశాను.

ఆవిడ పుస్తకం ముందుకు లాక్కున్నారు. స్కేలు పెట్టి తొమ్మిది రోజుల లెక్కనూ గీత కొట్టేశారు. తర్వాత, "ఎక్కడెక్కడ ఉన్నాయి?" అని అడిగారు. నా ముఖం మీదే చూపించాను. కంటి మూల, చెవి దగ్గర, గడ్డం కింద. రెక్క మీద ఒక్కటీ చూడలేదన్నాను.

"ముక్కు అందని చోట్లు," అన్నారావిడ. పిట్ట ముక్కుతో ఏరుకోవడం నేర్చిందట, పిడుదు ఆ ముక్కు అందని చోటు పట్టుకోవడం నేర్చిందట. మనిషి పుట్టకముందే మొదలైన ఆ పోరులో నా గోళ్లు దూరాయి. రేపు రావాలో వద్దో ఆవిడ చెప్పలేదు. వద్దనేదాకా వద్దామని తీర్మానించుకున్నాను.

మర్నాడు కారు రాకముందే వలలన్నీ సరిచేశాను. మొదట చిక్కిందీ ఎర్రతోక పిట్టే. దాని ముఖం నిండా పిడుదులు, ఒక కన్ను సగం మూసుకుపోయి ఉంది. వేళ్లు వాటంతటవే కంటివైపు వెళ్లాయి. పళ్లు బిగపట్టి వెనక్కి తీసుకున్నాను. ఆ వంద అడుగులు నడవడం మూడేళ్ల సైటు పనికన్నా కష్టమైంది.

ఆవిడ ఈకలు ఊది ఊది చూసి, "ఏడు" అన్నారు.

"ఎనిమిది మేడం. గడ్డం కింద ఇంకోటుంది."

మళ్లీ ఊది చూశారు. ఎనిమిదని రాశారు. పక్కన 'లెక్క చూసినవారు' అనే గడి ఉంటుంది. అందులో ఎప్పుడూ ఆవిడ పేరే. ఈసారి నా పేరు ఎలా రాయాలో అడిగి, అది రాశారు. తర్వాత పిడుదులు తీసే సన్నని పట్టకారు నా చేతికిచ్చి, "ఇప్పుడు తియ్యి," అన్నారు.