గిటారు మీద కొసరు

మొన్న ఆదివారం మా అమ్మాయి కూతురు కాలేజీ సెలవులకి వచ్చి, అన్నం తిని మడత కుర్చీలో కునుకు తీయబోతున్న నా పక్కన బత్తాయి కాయంత స్పీకరు ఒకటి పెట్టి, నువ్వు ఎప్పుడూ చెబుతుంటావే ఆ రికార్డు ఇదేనా తాతా అంటూ ఫోను నొక్కింది. మొదటి డ్రమ్ము దెబ్బకే నా నిద్ర ఎగిరిపోయింది. అదే డ్రమ్ము, ఏడు లెక్కపెట్టి ఎనిమిదోది ఎగ్గొట్టే అదే తాళం, దాని మీద తీగ తెగిపోతుందేమో అన్నట్టు సాగే అదే గిటారు! నలభై ఏళ్లు దాటింది నేనది విని. దాన్ని జాజ్ ఫ్యూజన్ అంటారట, ఆ పేరు కూడా నాకు ఆ పిల్ల చెబితేనే తెలిసింది. మా రోజుల్లో మేము దాన్ని ఉత్తినే ‘ఆ గిటారు’ అనేవాళ్లం, ఎందుకంటే మా నాయుడుపేటలో ఇంకో గిటారు లేదు.

నేను లేచి కూర్చుని ఒక్క చోటు కోసం కాచుకున్నాను. ఆ పొడుగాటి వాయింపులో ఒక దగ్గర గిటారు గొంతు ఉన్నట్టుండి కిందికి జారుతుంది, దిగుడుబావి మెట్ల మీద నుంచి మనిషి దిగినట్టు దిగి, అడుగున ఒక్క క్షణం ఆగి, మళ్లీ మెల్లగా పాత చోటికే ఎక్కి వస్తుంది. దాన్ని మేము ‘వంపు’ అనేవాళ్లం. ఇప్పుడొస్తుంది చూడమ్మా అని వేలెత్తాను. రాలేదు. రికార్డు అయిపోయింది. మళ్లీ పెట్టించాను, మళ్లీ రాలేదు. మూడోసారి కూడా ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉండిపోయింది. మద్రాసు నుంచి వచ్చిన గుడ్డల తానులో నాలుగు వేళ్లు తక్కువుంటే చేత్తో తడిమి చెప్పగలిగిన నాకు, జీవితంలో మొదటిసారి ఒక పాటలో సరుకు తరిగి వచ్చినట్టనిపించింది. ఎవడో కత్తిరించాడు అన్నాను. ఏమీ కత్తిరించలేదు తాతా, రికార్డు ఆ పక్కదంతా పూర్తిగా ఉంది అని ఆ పిల్ల చూపించింది.

ఇది మీకు అర్థం కావాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. మాది గుడ్డల అంగడి. అడిగిన ధర ఇచ్చినవాడు నా కొడుకు కాదు అనేది మా నాయన సిద్ధాంతం, దాన్ని నేను ఆయనకంటే ఎక్కువ పాటించాను. టీకాలు వేయడానికి వచ్చిన నర్సమ్మతో రెండు సూదులు కలిపి ఒకటి చేయమని బేరమాడానని మా అమ్మ చచ్చేదాకా చెప్పుకుంది. నా పెళ్లిలో మంత్రాలు కొన్ని తగ్గించమని పురోహితుడిని అడిగింది మాత్రం నిజం, ఆయన తగ్గించింది కూడా నిజం.

ఆ రికార్డు నాకు బేరంలో కూడా రాలేదు, కొసరుగా వచ్చింది. సరుకు కోసం మద్రాసు వెళ్లినప్పుడు, రోడ్డు పక్కన పాత రికార్డులు అమ్మేవాడి దగ్గర మా నాయన కోసం ఎనిమిది హరికథ రికార్డులు తీసుకుని, సగం అరవం సగం తెలుగులో వాడి ప్రాణం తోడేసి, చివరికి సంచి మూతి తెరిచి పట్టుకుని కొసరేదయ్యా అన్నాను. వాడు విసుగెత్తిపోయి అడుగున ఉన్నదాన్ని ఒకటి లాగి సంచిలో పడేశాడు. అట్ట మీద దేవుడూ లేడు, సినిమా నటుడూ లేడు, పసుప్పచ్చ పొగలో ఒక జుట్టోడు గిటారు మీదికి వంగి ఉన్నాడు. ఎవరూ కొనని సరుకునే కొసరు కింద వేస్తారని అంగడివాళ్ల బిడ్డనైన నాకు తెలియనిది కాదు. అయినా కొసరు కొసరే.

మా అంగడికీ పక్కనున్న రేడియో భాయ్ అంగడికీ నడుమ ఒకటే గోడ. ఆయన రేడియోలు బాగుచేసేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద, చేతిలో మంచి పనితనం ఉన్న మనిషి. ఎక్కడెక్కడి సామానో ఏరి, ఒక పాత మోటారు బిగించి, టేకు పెట్టెలో సొంతంగా రికార్డు ప్లేయరు తయారు చేసుకున్నాడు. మధ్యాహ్నం అన్నాల వేళ బజారంతా తలుపులు సగం దించేసేది. మా రెండు అంగళ్ల వెనక రైసు మిల్లులో రెండున్నరకి కూత కూసేది. ఆ కూత వినగానే మేము ఐదారుగురం భాయ్ అంగట్లో చేరి రికార్డు పెట్టించుకునేవాళ్లం. ఫ్యాను రొద అడ్డమొస్తుందని భాయ్ దాన్ని ఆపేసేవాడు, చెమటలు కారుతున్నా ఎవరమూ నోరెత్తేవాళ్లం కాదు.

మొదటిసారి విన్నప్పుడు నాకు అది పాప్లిన్ గుడ్డను కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చించినప్పుడు వచ్చే చప్పుడులా వినపడింది. కాకపోతే గుడ్డ నాలుగు గజాలకు అయిపోతుంది, ఇతను చించేది అయిపోదు. ఎన్ని గజాలు చించుతాడో చూద్దామని కూర్చున్నవాణ్ణి అక్కడే ఉండిపోయాను. కోట ఊరి నుంచి బస్సులో వచ్చే లెక్కల అయ్యవారు వేళ్ల మీద తాళం లెక్కపెట్టి ఎప్పుడూ ఒకటి తప్పేవాడు, తప్పినప్పుడల్లా వాయించేవాడిని మెచ్చుకునేవాడు. పండ్ల అంగడాయన, అది గిటారు కాదు, గిటారు మీద కోపమొచ్చిన మనిషి అన్నాడు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ వంపు ఒక ఎత్తు. అది వచ్చినప్పుడు అందరం కళ్లు మూసుకునేవాళ్లం.

ఇప్పుడు నా తెలివి చూడండి. ఆ వంపు రోజూ ఒకే చోట వచ్చేది కాదు. ఒకరోజు ముందే వచ్చేది, ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. ఒకసారి గాడి చెక్కేసిన రికార్డులో రాగం చోటు మారుతుందా అని ఒక్కరమైనా అడగవద్దూ! అడగకపోగా దానికి నేనొక సిద్ధాంతం కట్టాను. గొప్ప వాయిద్యగాడి పనితనం ఒక్కసారిగా చెవికి అందదు, మన చెవి పండే కొద్దీ అది ఒక్కోరోజు ఒక్కోచోట బయటపడుతుంది అని. అయ్యవారితో సహా అందరూ ఒప్పుకున్నారు. అమావాస్య నాడు అసలు వచ్చేదే కాదు. దానికీ చెప్పాను, ఆ రోజు మనసు నిలకడగా ఉండదు కదా అని. అమ్మే గుడ్డకు కూడా నేనంత బాగా మాటలు చెప్పి ఉండను.

మా పెద్దమ్మ కొడుకు నాకంటే ఆరేళ్లు పెద్ద. నాకు సైకిలు నేర్పింది ఆయన, మొదటిసారి మద్రాసు తీసుకుపోయి సముద్రం చూపించింది ఆయన. అక్కడొక పెద్ద హోటల్లో పనిచేసేవాడు, సాయంత్రాలు ఆ హోటల్లో బ్యాండు వాయించేవాళ్లు, వాళ్ల మంచి మిషను మీద ఇలాంటి రికార్డులు చాలా విన్నాడు. ఆయన సెలవులో వచ్చినప్పుడు నా రికార్డు వినిపించాలని నేను పడ్డ ఆరాటం ఇంతా అంతా కాదు, వంపు గురించి ముందే గంటసేపు చెప్పాను. ఆయన వచ్చింది ఖర్మకాలి అమావాస్య నాడు. అందరం ఊపిరి బిగబట్టి విన్నాం, వంపు రాలేదు. అన్న నెమ్మదిగా, నేను కించపడకూడదనే గొంతుతో, ఇదే రికార్డు అక్కడ పదిసార్లు విన్నానబ్బయ్యా, నువ్వు చెప్పేది దాంట్లో లేదు అన్నాడు.

ఆరుగురి ముందు నా సరుకు తక్కువదన్నట్టయింది. సరుకును తక్కువంటే అంగడివాడికి ఏమవుతుందో నాకు అదే అయింది.

“ఎంగిలి గిన్నెల చప్పుడు మధ్యన విన్నోడికి ఏం తెలస్తదిలే అన్నా” అన్నాను.

అందరూ నవ్వారు. అన్న టీ గ్లాసు సగంలోనే కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు వంపు వచ్చింది, అదీ రెండుసార్లు వచ్చింది. ఆ గెలుపు మత్తులో మద్రాసుకు కార్డు రాసి పడేశాను, ఈరోజు రెండుసార్లు వచ్చింది అని అంతే, క్షేమసమాచారాలు కూడా రాయలేదు. జవాబు రాలేదు. ఆ తర్వాత పెళ్లిళ్లలో కలిశాం, పిల్లలు బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నాం, ఆయన ఉద్యోగం మాని దొరవారిసత్రంలో పొలం చూసుకుంటూ స్థిరపడితే గృహప్రవేశానికి వెళ్లి భోంచేసి వచ్చాను. కానీ మా అంగడి గడప ఆయన మళ్లీ తొక్కలేదు, ఊరికే ఒకసారి వచ్చిపొమ్మని నన్ను పిలవనూ లేదు. నేను కూడా, గెలిచినవాణ్ణి కదా, ముందు నేనెందుకు దిగాలి అనుకుంటూ ఇన్నేళ్లు లాగాను.

మొన్న మా మనవరాలు, అది చదివేది కరెంటు చదువే, స్పీకరు పక్కన పెట్టి నన్ను పోలీసులా ప్రశ్నలడిగింది. ప్లేయరు ఎవరు చేశారు, ఎక్కడుండేది, ఎన్నింటికి పెట్టేవాళ్లు, చుట్టుపక్కల ఏముండేవి. వెనక మిల్లుండేదని, కూత కూశాక పనివాళ్లు చేతులు కడుక్కుని వచ్చి కాసేపటికి మోటారు వేసేవాళ్లని చెప్పాను. ఆ పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. అంత పెద్ద మోటారు లేచేటప్పుడు ఆ లైను మీద కరెంటు ఒక్కసారిగా పడిపోతుంది తాతా, మీ ప్లేయరు మోటారు నీరసపడి, దాంతో గిటారు గొంతూ కిందికి జారి, మళ్లీ తేరుకునేది, మీరు విన్నది అదే అంది. అమావాస్యకి మిల్లుకు సెలవని నేనే అందించాను. రెండుసార్లు వచ్చిన రోజు మోటారు ఆగిపోయి మళ్లీ వేసుంటారు. ఫ్యాను తిరుగుతూ ఉంటే అది మందగించడం చూసైనా కనిపెట్టేవాళ్లమేమో, దాన్ని మేమే ఆపుకున్నాం. మిల్లు రొద వినపడలేదా అని అడిగింది. పుట్టినప్పటి నుంచీ గోడవతల మోగే చప్పుడు ఎవరి చెవికి ఆనుతుంది?

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత సగం తాగిన టీ గ్లాసు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మనవరాలిని వెంటబెట్టుకుని దొరవారిసత్రం బస్సెక్కాను. దారి పొడుగునా ఎంత దగ్గర మొదలుపెట్టాలా అని లెక్కలు వేసుకున్నాను. తప్పంతా మిషనుది, నాది కొంచెం, అని తక్కువలో మొదలుపెట్టి, అన్న బిగిస్తే అప్పుడు పెంచుదామని. ఆయన వరండాలో కూర్చుని చేటలో విత్తనాల వడ్లు ఏరుతున్నాడు. చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోకుండా, వదినతో మజ్జిగ ఇమ్మని చెప్పాడు. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల స్పీకరు గట్టు మీద పెట్టి నొక్కేసింది.

అన్న చేటలోంచి తల ఎత్తలేదు. డ్రమ్ములు అయ్యాయి, గిటారు అందుకుంది, గుడ్డ చించడం మొదలైంది. పొడుగాటి వాయింపు నడుమకు వచ్చేసరికి ఆయన చెయ్యి వడ్ల మీద నుంచి లేచి, అరచెయ్యి గాలిలో ఆగిపోయింది. అది దేనికోసం ఆగిందో నాకు తెలుసు, మొన్న నా వేలు కూడా అలాగే ఆగింది.

“ఈడనే గదబ్బయ్యా, మిల్లు ఏసేది” అన్నాడు.

నేను మూటగట్టి తెచ్చిన మాటలన్నీ మూటలోనే ఉండిపోయాయి. ఆయనే చెప్పాడు. ఆ అమావాస్య మర్నాడు మద్రాసు రైలెక్కే ముందు, తమ్ముడితో తగవేంటని మా దగ్గరికి వచ్చాడట. భాయ్ అంగడి మెట్ల మీద కాలు పెట్టేసరికి లోపల వంపు వస్తోందట, అదే నిమిషంలో కాళ్ల కింద మెట్టు అదిరిందట. మిల్లు ఆగి మళ్లీ లేచింది, వంపు మళ్లీ వచ్చింది. తలుపు సందులోంచి చూస్తే అందరమూ కళ్లు మూసుకుని ఉన్నామట. అలాగే వెనక్కి తిరిగి స్టేషనుకి వెళ్లిపోయాడు. అంటే నా కార్డు చేరేటప్పటికే ఆయనకు అంతా తెలుసు. ఒక్క ముక్క తిరిగి రాస్తే నా పరువు పోయేది గదన్నా, ఎందుకు రాయలేదని అడిగాను.

“నువ్వు బేరమాడకుండా తీసుకున్న సరుకు అదొక్కటే గదరా. దాంట్లో గూడా తరుగు తీసేదానికి మనసొప్పలేదు” అన్నాడు. వడ్లలోంచి ఒక తాలు గింజ ఏరి పారేసి, “గిన్నెల చప్పుడన్నావే, అది మాత్రం మర్చిపోలా నేను” అన్నాడు.

“తప్పు నాదేన్నా” అన్నాను. మొత్తం ఒకేసారి చెప్పేశాను, తక్కువలో మొదలుపెట్టలేదు. ఇంత వయసులో అడక్కముందే పూర్తి ధర చెల్లించడం నాకది మొదటిసారి.

ఆయన చేట పక్కన పెట్టి, ఇకనుంచి ప్రతి అమావాస్యకీ రమ్మన్నాడు. నా నాలుక, దాని గుణం అది, రెండు అమావాస్యలకొకసారి అని మొదలుపెట్టేసింది. లోపల వదిన నవ్వడం వినపడింది, మనవరాలు నా జబ్బ గిల్లింది. సరే అన్నాను. అన్న ఆ పిల్లను మళ్లీ పెట్టమన్నాడు, ఇద్దరం ఏ వంపూ లేకుండా మొదటి నుంచీ విన్నాం. వంపు లేకపోయినా ఆ గిటారు గొప్పదే, అది నేను ఎవరితోనైనా పందెం కాస్తాను.

భాయ్ పోయి చాలా ఏళ్లయింది. మిల్లు ఉన్నచోట ఇప్పుడు పెట్రోలు బంకు ఉంది. మా అంగట్లో తమ్ముడి కొడుకు ఒకే ధర అని బోర్డు పెట్టాడు, కొనేవాళ్లు కూడా బేరమాడటం మరిచిపోయారు, చీటీ మీద ఎంతుంటే అంత ఇచ్చి పోతున్నారు. మా నాయన గుడ్డ కొలిచి, గజంబద్ద తీసేశాక ఇంకో నాలుగు వేళ్లు వదిలి అక్కడ కత్తెర పెట్టేవాడు, ఆ నాలుగు వేళ్ల కోసమే మనుషులు మా అంగడి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడు ప్యాకెట్లో ఎంతుంటే అంతే, ఫోనులో గిటారు కూడా అతను వాయించింది వాయించినట్టే వస్తుంది, ఒక్క వేలు ఎక్కువ రాదు. నిఖార్సైన సరుకే, నాకు ఫిర్యాదేమీ లేదు. ఆ చోటికి వచ్చేసరికి నా చెవి మాత్రం ఇంకా సంచి మూతి తెరిచి పట్టుకుని నిలబడుతోంది.