ఒక మౌస్, రెండు కంప్యూటర్లు, ఒక మాటల కార్డు

షేక్‌పేటలోని మా ఇంటి నుంచి ఫిల్మ్‌నగర్‌కు స్కూటర్ మీద పది నిమిషాలు. అంత దగ్గర్లో ఉన్న సినిమాలోకి దూరడానికి నాకు ఆరేళ్లు పట్టింది. చివరికి ఒక చిన్న సినిమాకు మాటలు రాసే పని దొరికింది. ఇప్పించింది ఒక ఎడిటర్. కోస్తా నుంచి వచ్చినవాడు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అన్నా అంటే ఆయన బ్రదర్ అనేవాడు. ఒప్పందం నోటిమాటే: సీన్లు ఆయన చెబుతాడు, మాటలు నేను రాస్తాను, టైటిల్స్‌లో ‘మాటలు’ అన్న కార్డు మీద ఇద్దరి పేర్లూ పడతాయి. నాకు కావలసిందల్లా ఆ కార్డే. మాటలు రాసేవాణ్ణి కదా, ఎదుటివాడి మాట మీద నమ్మకం ఎక్కువ.

ఆయన గదిలో ఒకటే టేబుల్, దాని మీద రెండు కంప్యూటర్లు. ఎడిటింగ్‌కు మ్యాక్, తెలుగు టైపింగ్‌కు విండోస్. రెండు కీబోర్డులకు చోటు లేదు. అప్పట్లో మాదాపూర్ బూమ్ పుణ్యమా అని అందరికీ ఒక సాఫ్ట్‌వేర్ బావమరిది ఉండేవాడు. ఆయన బావమరిది వచ్చి రెండింట్లోనూ ఏదో ప్రోగ్రాం ఎక్కించి వెళ్లాడు. ఇక ఒకటే కీబోర్డు, ఒకటే మౌస్. బాణం గుర్తును మ్యాక్ తెర అంచు దాకా తోస్తే అక్కడ మాయమై విండోస్ తెర మీద తేలేది. అందులో కాపీ చేసింది ఇందులో అతికించుకోవచ్చు. ఎలుక ఒకటి, కలుగులు రెండు. పొద్దున నేను కూర్చునేవాణ్ణి, మధ్యాహ్నం నుంచి ఆయన.

చిక్కల్లా నా వేళ్లతోనే. కాపీ చేయడానికి మ్యాక్‌లో నొక్కే మీట వేరు, విండోస్‌లో వేరు. నేను ఒకదాని మీట ఇంకోదానికి నొక్కేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. “బ్రదర్, నీ వేళ్లకి ఇంకా వీసా రాలేదయ్యా!”

ఒక పొద్దున పెళ్లిచూపుల సీన్‌లో ఒక డైలాగు కింది పేజీకి మార్చాలనుకున్నాను. కాపీ అనుకుని మ్యాక్ మీట నొక్కాను. విండోస్ నన్ను పట్టించుకోలేదు. అది గమనించకుండా కిందికి వెళ్లి అతికించాను. నా డైలాగుకు బదులు, నోరు తిరగని తెలుగు అక్షరాలు రెండు పేరాలు పడ్డాయి. అప్పటి తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు పడితే అలాగే కనిపించేది. ఫాంటు మార్చి చూశాను. ఇంగ్లీషులో ఒక ఉత్తరం. ముందురోజు ఆయన మ్యాక్‌లో కాపీ చేసుకున్నది, మౌస్ వెంట నా పేజీలోకి వచ్చేసింది.

ప్రొడ్యూసర్‌కు రాసిన ఉత్తరం. మాటలన్నీ తనే రాశానని, కార్డు మీద తన పేరొక్కటే వేయించమని. నా గురించి ఒకే వాక్యం: ఇతను టైపింగ్‌లో సాయం చేస్తున్నాడు, స్పీడు బాగుంది.

సిగ్గులేకుండా చెబుతున్నాను, ‘స్పీడు బాగుంది’ దగ్గర ఒక్క క్షణం సంతోషించాను. ఆ తర్వాత ఉత్తరం చెరిపేసి, సీను పూర్తి చేశాను.

మధ్యాహ్నం ఆయన రాగానే అడిగాను.

“అన్నా, నేను గీడ కూసొని టైపింగ్ చేస్తున్ననా?”

ఆయన ముఖం ఒకసారి తెర వైపు తిరిగి వచ్చింది. “చదివావా? అది ఊరికే, బ్రదర్. రెండు పేర్లంటే ప్రొడ్యూసర్ కంగారు పడతాడు. ముందు ఒక పేరుతో లోపలికి వెళ్లనీ.”

“గా ఒక్క పేరు నాదైతే ఏమైతది?”

“ఆయనకి నువ్వెవరో తెలీదు కదయ్యా! అయినా టైటిల్స్ చేసేదెవరు? నేనేగా? నీ పేరు నేను వేస్తాను. నన్ను నమ్మవా?”

“నమ్మకుంటే క్లైమాక్స్ నువ్వే రాసుకుంటవా?”

“అంత మాటెందుకు,” అని టీ తెప్పించాడు. టీ తాగాను, నమ్మాను, క్లైమాక్స్ కూడా రాసిచ్చాను.

సినిమా విడుదలయ్యాక అక్కను మ్యాట్నీకి తీసుకెళ్లాను. నేను సినిమాలో ఏదో పని చేస్తున్నానని తప్ప ఇంట్లో ఏమీ తెలియదు. రచయితనని నోటితో చెప్పడం కంటే తెర మీద చూపిస్తే బాగుంటుందని దాచిపెట్టాను.

మాటల కార్డు వచ్చింది. కార్డు నిండా ఆయన పేరొక్కటే. కాసేపటికి చిన్న అక్షరాల గుంపులో, జనరేటర్ వ్యాన్‌కూ భోజనాలకూ మధ్యన, ‘టైపింగ్’ పక్కన నా పేరు. వేస్తానన్నాడు, వేశాడు.

అక్క చప్పట్లు కొట్టింది. “పడ్డదిరా! నీ పేరు పడ్డది!”

“మెల్లగక్కా, అందరు చూస్తున్నరు.”

“చూడనీ! మనోని పేరు గదా!”

సెకండాఫ్‌లో నా పెళ్లిచూపుల సీన్‌కు హాలంతా పగలబడి నవ్వింది. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నా భుజం మీద ఒక్కటి వేసింది.

“ఎవరు రాసిండ్రో గని, మస్తు రాసిండ్రురా! నీకు ఎరుకనా ఆయన?”

“ఎరుకనే అక్కా,” అన్నాను.