నాయన అన్నం తిన్నాక

శనివారాల్లో నాయనకు కళ్లు తిరిగేవి కావు. గద్వాలలో మా ఇంట్లో ఆ సంగతి ముందు కనిపెట్టింది నేనే. చదువు తక్కువే కానీ, మగ్గం మీద పోగుల లెక్కలు చూసీ చూసీ అన్నింటికీ లెక్క కట్టే అలవాటు నాది.

తొంభైల మొదట్లో మాట. నాయన డెబ్బై దాటాడు. మధ్యాహ్నం భోంచేసి, నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి నేసే గుంట మగ్గంలో కూర్చునేవాడు. కాసేపటికి లేవబోయి తూలేవాడు. ఒకసారి పడ్డాడు కూడా.

"ఇగ గుంటల దిగద్దు నాయనా," అని మా అన్న తేల్చేశాడు. మగ్గం లేకుండా నాయన బతకడం మాకెవరికీ ఊహకందలేదు.

నీరసమనుకుని అమ్మ ఇంకో జొన్నరొట్టె వడ్డించేది. చీర పట్టు అంచుకు జిడ్డు అంటుతుందని మా ఇంట్లో నేసేవాళ్లు మధ్యలో ఏమీ తినరు. ఒక్కసారే కడుపు నింపుకుని దిగుతారు. శనివారం మాత్రం మా దగ్గరి మల్దకల్ గుడి స్వామి పేర నాయనకు ఉపవాసం, కాసిని పళ్లు, మజ్జిగ. ఆ రోజు తూలకపోతే అది స్వామి దయ అనేది అమ్మ.

నాయనను వనపర్తిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఇదంతా చెప్పాను. ఆయన నాయన బీపీ చూశాడు. బాగానే ఉంది.

"పోయి కడుపునిండ తిని రా, పెద్దాయనా."

"మందుకు బదులు అన్నమా! మంచి డాక్టరువే," అని నాయన నవ్వాడు.

తిని వచ్చాక చూస్తే బీపీ బాగా పడిపోయింది.

"అన్నం పడంగనే పేగులు కొన్ని హార్మోన్లు రక్తంలకు వదుల్తయి," అన్నాడు డాక్టరు. "అవి రక్తనాళాల లోపలి పొరకు తాకితే నాళాలు సడల్తయి. రక్తం కడుపు దిక్కు మళ్లుతది. వయసుల ఉంటే గుండె సర్దుకుంటది, ముసలితనంల కష్టం. ఇంకా అంతా తెల్వదు గని, కొంచెం కొంచెం తినిపియ్యుండ్రి. మగ్గం మాన్పియ్యద్దు."

"నా పేగులు గింత పని చేస్తున్నయా!" అని నాయన పొట్ట నిమురుకున్నాడు.

మరి పట్టు ముట్టే చేత్తో మాటిమాటికీ తినడమెట్లా? ఆ చిక్కు అమ్మ విప్పింది. గుంట అంచున కూర్చుని, రొట్టె తుంచి నాయన నోట్లో పెట్టసాగింది.

"నోరు తెరువు. చేతులు పోగుల మీదనే ఉండనీ."

"ఏంది వదినె, మళ్లీ పెండ్లి చేస్కున్నవా?" అంది పక్కింటామె.

"అప్పుడు గిట్ల తినిపిస్తే సిగ్గుపడె. ఇప్పుడు పప్పు చాలలేదంటుండు!"

ఆ సాయంత్రం నాయన గుంటలోంచి లేస్తుంటే, పట్టుకుందామని అన్న రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. నాయన తూలలేదు.

"జర పక్కకు జరుగురా," అన్నాడు నవ్వుతూ. "నువ్వే చీర మీద పడేటట్టున్నవ్."