కెమెరా కింద రెండు చేతులు

కడియంలో మాది మొక్కల నర్సరీ. ఎడం చేత్తో ఇచ్చిన మొక్క నాటుకోదని మా అత్తగారి పట్టింపు. అలాంటి ఇంట్లో మా అమ్మాయి ఎడంచేతి వాటంతో పుట్టింది. ఆ వాటం మాన్పించే పని నేనే నెత్తికెత్తుకున్నాను. అన్నానికి కూర్చుంటే ఆ చేతికి సాక్సు తొడిగి కట్టేదాన్ని. పుస్తకం ముందు కూర్చుంటే గరిటెతో ఒకటి తగిలించేదాన్ని. పైగా మొక్కై వంగనిది మానై వంగునా అని సామెతొకటి! ఏడేళ్లొచ్చేసరికి దారికొచ్చింది. నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

పోయినేడు, పదిహేనో ఏట, అక్షరాల బిళ్లలు బోర్డు మీద పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే ఆటలో పిల్లల అంతర్జాతీయ పోటీలకు వెళ్లింది. తోడు మా ఆయన వెళ్లారు. సెమీఫైనల్ నేను నర్సరీ షెడ్డులో కూర్చుని ఫోనులో లైవ్ చూశాను. కెమెరా బోర్డుకు సరిగ్గా పైన బిగించారు. మొహాలు కనపడవు, బోర్డూ చేతులూ అంతే.

మాట పేర్చాక పక్కనున్న గడియారం నొక్కితేనే మన టైము ఆగుతుంది. ఆ గడియారం మా అమ్మాయికి ఎడం పక్కనుంది. ఎడం చెయ్యి లేచేది, సగంలో ఆగి ఒళ్లోకి వెళ్లిపోయేది. అప్పుడు కుడి చెయ్యి అడ్డంగా వచ్చి నొక్కేది. ప్రతిసారీ ఇదే తంతు.

"ఏదో ఒక చేత్తో నొక్కవే తల్లీ!" అని షెడ్డు అదిరేలా అరిచాను.

చివరికి టైము దాటిపోయింది. అందుకు పది పాయింట్లు కోశారు. ఆరు పాయింట్ల తేడాతో ఓడింది. ఫైనల్ చేతిదాకా వచ్చి పోయింది.

ఫోను చేస్తే ఏడవడం లేదు.

"ఎడం చెయ్యి వాడకూడదని రూలేమైనా ఉందా?" అన్నాను.

"లేదమ్మా."

"మరి వాడొచ్చు కదే!"

"ఎప్పుడూ ఆ చేత్తోనే ఆడతానమ్మా. స్కూల్లో అన్నీ ఆ చేత్తోనే. ఇవాళ నువ్వు చూస్తున్నావని గుర్తొచ్చి ఆగిపోయింది."

ఎనిమిదేళ్లుగా నా ఎదుట ఒక చేత్తో, నా వెనక ఇంకో చేత్తో బతుకుతోందన్నమాట. మర్నాడు మూడో స్థానానికి ఆట ఉందంది.

"నేను చూడనులే. నీకు నచ్చిన చేత్తో ఆడు" అన్నాను.

ఉండబట్టలేక చూశాను. మొదటి మాట పేర్చగానే ఎడం చెయ్యి చటుక్కున వచ్చి గడియారం నొక్కింది. ఎంత చురుగ్గా ఉందో!

"ఛీ, ఆ చెయ్యేంటే!" అని నా నోట్లోంచి వచ్చేసింది.

కుండీలు సర్దుతున్న పనావిడ "ఏంటండీ?" అంది. ఏం లేదని ఫోను కట్టేశాను. గెలిచిందని తర్వాత మా ఆయన చెబితే తెలిసింది. సంతోషం కంటే ముందు సిగ్గేసింది.