ముందు ఎక్కడ దిగాలి

అండమాన్ వెళ్దామని మా ఆయన అన్న రోజునే నాకు పిన్ని గుర్తొచ్చింది. గుర్తురాగానే చిరాకేసింది. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది కానీ మొదట కలిగింది చిరాకే. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఇద్దరమే ఎక్కడికైనా వెళ్దామనుకుంటే, అక్కడ కూడా చుట్టరికం కాచుక్కూర్చుందేమిటా అనిపించింది.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. రావికమతం దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక తాపీమేస్త్రీ అయిన బాబాయి వెంట ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళిపోయింది. అక్కడ మన వైపు వాళ్ళు వీధులకి వీధులే ఉన్నారు. బాబాయి పోయాక కూడా ఆవిడ తిరిగి రాలేదు. ఉన్న ఒక్క కొడుకూ ఓడ మీద పనిచేస్తాడు, నెలల తరబడి ఇంట్లో ఉండడు. బాబాయి తన చేతులతో కట్టిన రెండు గదుల ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఎప్పుడైనా ఇటు వస్తే చోడవరంలో మా ఇంట్లోనే ఉంటుంది. వచ్చిన మర్నాటినించీ నా వంటగది నా చేతిలో ఉండదు. నేను బడినించి వచ్చేసరికి చేపల పులుసు వాసన వీధి మొదట్లోనే తగులుతుంది. అప్పుడు హాయిగా తిని పడుకునేదాన్ని, ఏం లోటు జరిగింది నాకు?

మా వైపు చుట్టం ఉన్న ఊరెళ్ళి లాడ్జీలో దిగితే ఆ చుట్టం ముఖం మీద తలుపేసినట్టే. వాళ్ళ ఇల్లు చిన్నదా, మన స్థాయికి తగిందా అన్న మాటే రాదు. పైగా దానికో నియమం ఉంది. మొదట సామాను ఎక్కడ దించితే అక్కడ దిగినట్టు లెక్క. ఆ తరవాత ఎన్ని చోట్ల తిరిగినా, ఎక్కడ పడుకున్నా అది షికారు కిందకే వస్తుంది. అందుకని మా ఇంట్లో పది పదిహేను రోజులు నడిచిన తగువంతా ఒక్కటే. ముందు పిన్ని ఇల్లా, ముందు రిసార్టా?

రిసార్టు ఉన్నది పోర్ట్ బ్లెయిర్‌లో కాదు, అక్కణ్ణించి ఓడలో వెళ్ళాల్సిన ఇంకో దీవిలో. మా ఆయనకి ఎరువుల కొట్టు. కొట్టు కట్టేసి వచ్చి, అన్నం ముందు కూర్చుని ఫోనులో ఆ గదుల బొమ్మలు చూసేవాడు. కొబ్బరి చెట్ల మధ్య చెక్క ఇళ్ళు, గుమ్మంలోంచే సముద్రం. ఆయన మాట సూటిగా ఉండేది. ముందు మీ పిన్ని దగ్గర దిగుదాం, రెండు పూటలు తిందాం, ఆవిడ మనసు నిండుతుంది, ఆ తరవాత ఓడెక్కి వెళ్ళిపోదాం అనేవాడు. మర్యాద తెలిసిన మనిషి. నాకే తెలివి ఎక్కువైంది.

నేను ఒప్పుకోకపోవడానికి కారణముంది. మేం వస్తామని మాటవరసకి చెప్పినప్పుడే పిన్ని ఫోనులో ఒక మాట అంది. ఆ దీవిలో బీచి గురించి అందరూ చెప్పడమే తప్ప తానెప్పుడూ చూడలేదట. ముప్ఫై ఏళ్ళకి పైగా అక్కడే ఉండి, పక్క దీవి చూడలేదు. మీరొస్తే కలిసెళ్దామే అంది. నేను సిగ్నల్ సరిగా లేదన్నట్టు రెండుసార్లు హలో హలో అని ఫోను పెట్టేశాను. ముందు ఆవిడ ఇంట్లో దిగితే ఆవిడ సంచీ సర్దుకుని మాతో బయల్దేరుతుంది, ఇది ఖాయం. ఆ చెక్క ఇంట్లో నేనూ మా ఆయనా కాఫీ తాగుతుంటే, మధ్యలో పిన్ని కూర్చుని రావికమతంలో ఎవరి పిల్లకి ఎక్కడ సంబంధం కుదిరిందో చెబుతూ ఉంటుంది. ఆ బొమ్మ నా బుర్రలోంచి పోలేదు.

అందుకని నేను తేల్చేశాను. ముందు రిసార్టు, చివర పిన్ని ఇల్లు. మరి దిగిన లెక్క ఎలా అన్నాడు మా ఆయన. ఆవిడకి మనం సోమవారం దిగుతున్నట్టు చెప్పం, గురువారం దిగుతున్నట్టు చెబుదాం అన్నాను. గురువారం ఓడ దిగి, విమానం దిగినట్టు ఆవిడ ఇంటికి పోవడమే. ఆయన నా వైపు చూసి, నీ పిన్ని, నీ ఇష్టం అని చేయి కడుక్కున్నాడు. అలా అన్నాడంటే ఆ పని ఆయనకి నచ్చలేదని అర్థం. నాకు తెలుసు, తెలియనట్టే ఊరుకున్నాను. పిన్నికి ఫోను చేసి గురువారం అని చెప్పాను. ఆవిడ రెండుసార్లు అడిగింది, గురువారమేనా అని. గురువారమే అన్నాను.

నా తెలివి గురించి ఇంకొంచెం చెప్పాలి. మేం క్రైస్తవులం. దూర ప్రయాణం ఉంటే ముందు ఆదివారం సంఘంలో లేచి చెప్పి ప్రార్థన చేయించుకోవడం మాకు అలవాటు. ఏ రోజు బయల్దేరేది, ఎక్కడ విమానం మారేది, ఎప్పుడు చేరేది, అన్నీ చెబుతాం, దేవుడికి టైంటేబుల్ ఇచ్చినట్టు. నేను సండే స్కూలు పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. గుడిలో నిలబడి అబద్ధం ఆడతానా? ఆడలేదు. సోమవారం చేరతామని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పాస్టరుగారు ఆ సోమవారం కోసం చాలాసేపు ప్రార్థించారు. రెండో వరసలో మా అమ్మ కళ్ళు మూసుకుని ఆమెన్ అంది. మా అమ్మ వారానికి రెండుసార్లు చెల్లెలితో మాట్లాడుతుందన్న సంగతి నాకు ఆ నిమిషంలో తట్టనే లేదు.

సోమవారం దిగాం. విమానాశ్రయం బయట రిసార్టు డ్రైవరు మా ఆయన పేరున్న బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. అలా మా కోసం ఎవరూ ఎప్పుడూ బోర్డు పట్టుకోలేదు. నేను తల పైకెత్తుకుని అతని వెనకాలే నడిచి కారెక్కాను. అటూ ఇటూ చూడలేదు.

ఆ దీవి గురించి అబద్ధం చెప్పను, చాలా బాగుంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మా ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పొలంలో నీరు కట్టేవాడిలా సముద్రంలో నిలబడితే పగలబడి నవ్వాను. పిన్నికి ఇమ్మని అమ్మ పంపిన మాడుగుల హల్వా రెండు డబ్బాల్లో ఒకటి ఒడ్డున కూర్చుని మేమే తినేశాం. మా గదిలో గోడవారగా మూడో మంచం ఒకటుంది. దాని మీద తడిబట్టలు ఆరేశాను.

గురువారం మధ్యాహ్నం ఓడ దిగి, ఆటోలో పిన్ని ఇంటికి చేరాం. మూడు రోజుల ఎండకి నా మొహం మాడిపోయింది, ముక్కు మీద తోలు లేస్తోంది. పెట్టె అడుగున ఇసుక. ఈ అవతారంతో, ఇప్పుడే విమానం దిగామన్నట్టు గుమ్మంలో నిలబడ్డాను. పిన్ని కాళ్ళకి నీళ్ళిచ్చింది. ప్రయాణం బాగా జరిగిందా, విమానంలో ఏమైనా పెట్టారా అని అడిగింది. ఏదో కేకు పెట్టారని చెప్పాను. మా ఆయన చెప్పులు విడిచే వంకతో వంగి చాలాసేపు అలాగే ఉన్నాడు. పిన్ని లోపలికెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చి నా ముందు పెట్టి, మొహానికి రాసుకో అంది. ఎండ మాటెత్తలేదు.

లోపలి గదికి కొత్తగా సున్నం వేసి ఉంది. మంచం మీద దుప్పటికి మడతలు కూడా పోలేదు. దోమతెర కట్టి ఉంది, దాని ధర చీటీ ఇంకా అంచున వేలాడుతోంది. నా సామాను అక్కడే దించాను. దించుతుంటే చేతులు వణికాయని రాస్తే బాగుంటుంది కానీ వణకలేదు. బయటపడిపోయాం, ఇక ఫరవాలేదు అనుకున్నాను.

సాయంత్రం వీధిలో వాళ్ళు వచ్చారు. అందరూ మన వైపు వాళ్ళే, చాలామంది పిన్ని వెళ్ళే సంఘం వాళ్ళు. అక్క కూతురు, టీచరు, చోడవరం నించి వచ్చిందని ఒక్కొక్కరికీ నన్ను చూపిస్తోంది పిన్ని. మా అమ్మ వైపు నించి ఆ ఇంటికి వచ్చిన మొదటి మనిషిని నేనే. అన్నేళ్ళుగా ఈవిడకి పుట్టింటి తరఫున ఎవరైనా ఉన్నారా అన్న అనుమానం ఆ వీధిలో ఉందేమో నాకు తెలియదు. పిన్ని మొహం చూస్తే ఉందనే అనిపించింది. వాళ్ళలో ఒకావిడ, పక్కింటావిడే, నా చేయి పట్టుకుని జాలిగా అంది.

"సోమారం మీ ఫ్లైటు కేన్సిలయిపోయిందంట గదమ్మా. పాపం మీ పిన్ని ఎయిర్‌పోర్టుకెళ్ళి శానాసేపు నిలబడి తిరిగొచ్చేసింది. ఒండిందంతా మా అందరికీ పంచీసింది."

పిన్ని పళ్ళెంలో హల్వా సర్దుతోంది. తల ఎత్తకుండానే, అవును వాన గదా అంది. అందరూ నా వైపు చూస్తున్నారు. అవునండీ, వాన, కేన్సిలయింది అన్నాను. నా అబద్ధానికి ఆవిడ గోడ కట్టింది, నేను వెళ్ళి ఆ గోడ నీడలో నిలబడ్డాను. అప్పుడు తగిలింది సిగ్గు. చెవులు కాలిపోయాయి. బోర్డు వెనకాల తలెత్తుకుని నడుస్తున్న నన్ను పిన్ని ఏ స్తంభం పక్కనుంచి చూసిందో, పిలవబోయి ఎందుకు మానేసిందో అనుకుంటే కూర్చున్నచోట కూర్చోలేకపోయాను.

ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు క్షేమంగా చేరినందుకు ఇంటి పెద్ద స్తోత్రం చెల్లించాలి. అది కూడా మాకు అలవాటే. పిన్ని కొంగు తలమీద కప్పుకుంది. అందరం కళ్ళు మూసుకున్నాం. ఆవిడ ప్రార్థన చేస్తే తడబాటుండదు, చిన్నప్పటినించీ విన్నాను, మాటలు ధారగా వస్తాయి. ఆ రోజూ అలాగే మొదలుపెట్టింది. పరిశుద్ధుడైన తండ్రీ అంది. అంత దూరం నించి ఈ బిడ్డల్ని రెక్కల మీద మోసుకొచ్చేవు, స్తోత్రం అంది. ఈ దినం విమానంలో, అంది. అని ఆగిపోయింది.

ఎవరో సర్దుకుని కూర్చున్న చప్పుడు వినిపించింది. ఆవిడ వీధిలో వాళ్ళతో అబద్ధమాడింది, నా కోసమో, తన పరువు కోసమో. దేవుడి దగ్గర ఆడలేకపోతోంది. నేను కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఆవిడ మొహం చూడాలి.

"ఏ దినం దించేవో నీకు తెలుసు తండ్రీ. ఆ దినానికి స్తోత్రం. నీళ్ళ మీద తిరిగినా, గట్టు మీద తిరిగినా కాపాడేవు. దానికీ స్తోత్రం."

అందరూ ఆమెన్ అన్నారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఆ తరవాత, టీచరమ్మ కూడా రెండు మాటలు ప్రార్థన చెయ్యాలని పక్కింటావిడ అడిగింది. కాదనడానికి లేదు. సండే స్కూలు టీచర్ని, గొంతెత్తాను. సంఘం కోసం, రోగుల కోసం, వర్షాల కోసం, చెరుకు రైతుల కోసం, దేశాన్ని ఏలేవాళ్ళ కోసం ప్రార్థించాను. ఎంత ప్రార్థించినా మా ప్రయాణం దగ్గరికి మాత్రం రాలేకపోయాను. అంత పొడవాటి ప్రార్థన విని వాళ్ళు చాలా సంతోషించారు.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లో పిన్ని వెనకాల నిలబడ్డాను. పిన్నీ, సోమవారం మేము, అని మొదలుపెట్టాను. ఆవిడ చేప ముక్కలకి కారం పడుతోంది. చేయి ఆపలేదు.

"సెప్పకే. నువ్వు సెప్పీసేవంటే నాకు తెలిసిపోయినట్టవుద్ది. రేపు ఈళ్ళ మొహాలు నేనెలా సూడాలి? తెలీనట్టే ఉండనీ."

క్షమించమనడానికి కూడా ఆవిడ నాకు దారి ఇవ్వలేదు, నాకు అంత అర్హత ఉందని కూడా కాదు. ఉన్న రెండు రోజులూ వేళకి తిన్నాను, ఆ కొత్త దోమతెరలో పడుకున్నాను. మర్నాడు మా ఆయన పిన్నితో, రండి అత్తయ్యా, ఆ దీవి చూసొద్దాం, మేమూ చూడలేదు కదా అన్నాడు. ఆయన మంచితనం వల్ల ఆ మాట ఇంకా పెద్ద అబద్ధమై కూర్చుంది. తనకి ఓడ పడదని పిన్ని అంది. చోడవరం వచ్చినప్పుడల్లా సముద్రం ఓడలోనే దాటే మనిషి.

తిరిగొచ్చిన కొన్నాళ్ళకి, రావికమతంలో పెళ్ళికి వస్తున్నానని పిన్ని ఫోను చేసింది. గొంతు ఎప్పట్లాగే గలగలా ఉంది. ఎప్పుడొస్తావు, బస్టాండుకి ఆయన్ని పంపిస్తాను అన్నాను. అదంతా చెప్పాక ఆవిడ అడిగింది.

"సోడవరంలో మంచి లాడ్జీ ఏదేనా ఉంటే సూసిపెట్టమ్మా. ముందు రెండ్రోజులు అందులో ఉండి, ఆఖర్ని మీ ఇంటికొస్తాను. మీకూ ఇబ్బంది ఉండదు. ఇప్పుడందరూ అలాగే సేస్తన్నారు గదా."

ఆ గొంతులో ఎత్తిపొడుపు కోసం వెతికాను. ఒక్క చుక్క దొరికినా బాగుండేది, తిరిగి పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, కాళ్ళమీద పడేదాన్ని. ఏమీ లేదు. చదువుకున్న పిల్ల ఎలా చేసిందో అలా చేయడమే పద్ధతి కాబోలు అనుకుని, నేర్చుకుని, అడుగుతోంది. చోడవరంలో అలాంటి లాడ్జీలు లేవు పిన్నీ అన్నాను. సరేలే, అనకాపల్లిలో సూసుకుంటాను అంది.