కాలువ చివరికి చేరే చిరునామా

రూతు తండ్రి ఎలీషా ముప్ఫై ఏళ్ళు కాలువ మీద లస్కరుగా చేశాడు. తూములు ఎత్తడం, దించడం, ఎవరి వంతు ఎప్పుడో సైకిలు మీద తిరిగి చెప్పడం ఆయన పని. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. వంతుల పట్టిక కూచిపూడి అవతలున్న నీటి సంఘం ఆఫీసు బోర్డు మీదికెక్కింది. కాలువ చివరి రైతులు అది చూడాలంటే ఆరు కిలోమీటర్లు రావాలి.

ఆ ఆఫీసులోనే కంప్యూటరు ఆపరేటరుగా చేరిన రూతుకు అది నచ్చలేదు. విజయవాడలో పాలిటెక్నిక్ చదివినప్పటి ప్రోగ్రామింగును మళ్ళీ పట్టుకుని, మూలనున్న పాత కంప్యూటరును వెబ్ సర్వరు చేసింది. వంతు మారినప్పుడల్లా రైతుల ఫోన్లకు వంతుల పట్టిక ఉన్న పేజీ లింకు వెళ్తుంది. ఆఫీసులో అందరి ఫోన్లలోనూ అది చక్కగా తెరుచుకుంది.

నాలుగో రోజు వెంకటప్పయ్య అనే రైతు వచ్చాడు. ఆయన మూడెకరాలూ కాలువకు చిట్టచివర.

"లింకు నొక్కితే గుండ్రంగా తిరుగుతానే ఉంది రూతమ్మా. నా వంతు నిన్న పొద్దున్నే అయిపోయిందంట. నీళ్ళన్నీ డ్రెయిన్లో కలిసిపోయినై."

ఆయన కోప్పడలేదు. అందుకే రూతుకు మరీ కష్టంగా తోచింది.

"పోనీలేమ్మా, బోర్డే ఉంచుదాం" అన్నారు సంఘం అధ్యక్షుడు సంజీవరావు గారు.

"ఒక్క వారం టైమివ్వండి సార్" అంది రూతు.

తను పంపిన లింకు తీసి చూసింది. అందులో చిరునామాగా ఉన్నది 192.168తో మొదలయ్యే అంకె. సర్వరు చిరునామా ఏదో ఆ కంప్యూటరునే అడగమని మొదట్లో తనే కోడులో రాసింది. అది ఆఫీసు గోడల మధ్య తనకున్న అంకె చెప్పింది. ఆఫీసు వైఫైలో ఉన్నవాళ్ళకు అది చాలు. బయటి లోకానికి మాత్రం ఆఫీసు మొత్తం రౌటరుకున్న మరో అంకెతోనే కనబడుతుంది.

రూతు బస్సెక్కి విజయవాడ వెళ్ళింది. ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసులో పూటంతా కూర్చుని, బయటి నుంచి వచ్చేవాళ్ళను రౌటరు తన కంప్యూటరు దగ్గరికే పంపేలా చేయించుకుంది. వాళ్ళు చెప్పిన బయటి అంకెను ప్రోగ్రాములో రాసేసింది. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు కరెంటు పోయి వచ్చేసరికి అంకె మారిపోయింది. మారని అంకె ఆ లైనుకు ఇవ్వలేమన్నారు కంపెనీవాళ్ళు.

అయితే ప్రోగ్రామే కనుక్కోవాలి. ఐదు నిమిషాలకోసారి బయటి సైటు ఒకదానికి వెళ్ళి, "నేను ఏ చిరునామా నుంచి వచ్చాను?" అని అడిగేలా రాసింది. ఒక మధ్యాహ్నం ఆ సైటే పడిపోయి, అంకెకు బదులు ఏదో క్షమాపణ వాక్యం పంపింది. ప్రోగ్రాము ఆ వాక్యాన్నే తీసుకెళ్ళి లింకులో పెట్టింది. పరీక్ష కాబట్టి అది తన ఫోనుకు తప్ప మరెవరికీ వెళ్ళలేదు.

ఇంటికెళ్ళి తండ్రికి చెప్పింది.

"ఒక్కడి మాట మీద నేనెప్పుడూ తూమెత్తలేదమ్మా" అన్నాడు ఎలీషా. "ఆఫీసు నుంచి ఫోనొచ్చినా, పై తూము లస్కర్ని కూడా అడిగేవాణ్ణి. ఇద్దరూ ఒకటే చెబితేనే ఎత్తేది."

"తేడా వస్తే నాన్నా?"

"మళ్ళీ అడిగేదాకా ఉన్నది ఉన్నట్టే ఉంచేవాణ్ణి."

మర్నాడు రూతు రెండో సైటునూ చేర్చింది. రెండూ ఒకే అంకె చెబితేనే లింకు మారాలి. తేడా వస్తే పాతదే ఉండాలి. మారితే రైతులందరికీ కొత్త లింకు వెళ్ళాలి. రౌటరును తనే మూడుసార్లు ఆర్పి వెలిగించి చూసింది. ఆపైన తండ్రిని స్కూటీ వెనక ఎక్కించుకుని కాలువ చివరిదాకా వెళ్ళింది. వెంకటప్పయ్య గట్టు మీద నిలబడి నొక్కితే పేజీ తెరుచుకుంది.

ఆ వారం ఆయన వంతు శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి పడింది. ఆ పొద్దునే కరెంటు రెండుసార్లు పోయింది. పదకొండింటికి ఆయన నుంచి ఫోను.

"మూడు మెసేజులొచ్చినై. ఏది తెరవాలో తెలీక ఆఖరుది తెరిచా."

"అదేనండీ. పాతవి పనిచెయ్యవు. నీళ్ళొచ్చినయ్యా?"

"మడి నిండింది. ఇప్పుడే నీళ్ళొచ్చే మడవ కట్టేసొచ్చా."

రూతు ఫోను పెట్టేసి, మెసేజు మొదట్లో "పాత లింకు తీసేయండి" అన్న మాట చేర్చింది.