ఆరబెట్టిన ఓట్లు

ఈ రోజు చింతపల్లిలో మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి ఎన్నికలు. రిటైరైన టీచర్‌నని ఎన్నికల అధికారి పని నా నెత్తిన పెట్టారు. సభ్యుల్లో పదకొండుమంది పైకొండల మీది బడుల్లో పనిచేస్తారు. వాళ్లకు ముందే రెండేసి కవర్లు పంపాను. ఓటు కాగితం పేరు లేకుండా లోపలి కవర్లో, సంతకం పైకవరు మీద. పోస్టులో వేయమంటే, ఆలస్యమవుతుందని అందరూ సర్వీసు జీపు నడిపే అప్పలరాజు చేతికిచ్చేశారు.

మధ్యాహ్నం అతను వానలో వచ్చి, రబ్బరు బ్యాండు వేసిన పదకొండు ఓటు కాగితాలు నా ముందు పెట్టాడు. కవర్లు లేవు.

"ఘాట్‌లో వానకి తడిసిపోనాయి టీచరమ్మా. లోపల కాయితాలు పాడైపోతాయని ఇప్పీసి, ఇంజను మీద ఆరబెట్టినాను. కవర్లు ముద్దయిపోతే పారీసినాను."

"సంతకాలు లేకపోతే ఇవి మన సభ్యులు వేసిన ఓట్లేనని ఎలా తెలుస్తుందయ్యా?"

"నాకు తెల్దేటి? ఎవులు ఎవులికేసినారో వరసగా సెప్పీమంటారా?"

కోప్పడటానికి కూడా ఓపిక లేకపోయింది. అధ్యక్ష పదవికి నిలబడ్డ ఇద్దరు మాత్రం కుర్చీలు అతని వైపు జరుపుకున్నారు.

ఎన్నిక వాయిదా వేసి ఇంటికొచ్చి, సాయంత్రమంతా కూర్చుని మళ్లీ పదకొండు జతల కవర్లు సిద్ధం చేశాను. రేపు పైకి వెళ్లే జీపు ఒక్కటే, అదీ అప్పలరాజుదే. వాన కోసం ప్లాస్టిక్ సంచి కొన్నాను. అప్పలరాజు నోటికి ఏం కట్టాలో తెలిసినవాళ్లు కింద రాయండి.